పాలపుంత బొమ్మ ఎవరు గీశారు?

పాలపుంత బొమ్మ మీరంతా చూసే ఉంటారు. మధ్యలో పచ్చటి ముద్ద, చుట్టూ చక్రంలా తిరిగే చేతులు, ఒక చేతి పక్కన చిన్న చుక్క పెట్టి "మనం ఇక్కడ ఉన్నాం" అని రాసి ఉంటుంది. చిన్నప్పుడు నేను దాన్ని ఫోటో అనుకునేవాణ్ణి. ఆ ఫోటో తీయాలంటే కెమెరా పాలపుంత బయట, వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉండాలి. మనం పంపిన ఏ నౌకా ఒక్క కాంతి సంవత్సరం దూరం కూడా వెళ్ళలేదు. అంటే అది ఫోటో కాదు, గీసిన బొమ్మ. ఇంట్లోంచి అడుగు బయట పెట్టకుండా, కూర్చున్న గదిలోంచే ఇల్లంతటి ప్లాను గీయడం లాంటిది.

పైగా ఆ గదిలో దుమ్ము. పాలపుంత చక్రం వెంట చూస్తే మధ్యలో ధూళి అడ్డొచ్చి, మామూలు టెలిస్కోపుకి మొత్తం దూరంలో చిన్న వాటా మాత్రమే కనిపిస్తుంది. ఆ ధూళిని లెక్క చేయకుండా దాటి వచ్చే సంకేతం ఒకటుంది. తటస్థ హైడ్రోజన్ పంపే 21 సెంటీమీటర్ల రేడియో తరంగం. గెలాక్సీ ప్లానుకి గీతలు గీసింది దానితోనే. కాలేజీ మేడ మీద అట్టపెట్టెలతో దాన్ని వినొచ్చు. మేము నలుగురం విన్నాం కూడా. ఎలాగో చెప్తాను.

బద్ధకపు పరమాణువు

హైడ్రోజన్ పరమాణువులో ఒక ప్రోటాను, ఒక ఎలక్ట్రాను. రెండింటికీ స్పిన్ ఉంటుంది. ఆ రెండు స్పిన్‌లు ఒకే వైపు ఉంటే శక్తి ఒక పిసరు ఎక్కువ, ఎదురెదురుగా ఉంటే ఒక పిసరు తక్కువ. ఎక్కువలోంచి తక్కువకి తిరగబడినప్పుడు ఆ తేడా రేడియో తరంగంగా బయటికొస్తుంది. దాని ఫ్రీక్వెన్సీ 1420.4058 మెగాహెర్ట్జ్, తరంగదైర్ఘ్యం 21.1 సెంటీమీటర్లు.

ఈ తేడా ఎంత చిన్నదంటే, ఉష్ణోగ్రతగా మారిస్తే 0.07 కెల్విన్ కూడా ఉండదు. అంతరిక్షంలో ఏమీ లేని చోట కూడా విశ్వ నేపథ్య వికిరణం వల్ల 2.7 కెల్విన్ ఉంటుంది కదా, ఆ చలి కూడా హైడ్రోజన్‌ను పై స్థితిలో ఉంచడానికి సరిపోతుంది. పై స్థితికి మూడు రూపాలు, కింది దానికి ఒకటే. కాబట్టి మామూలుగా నాలుగింట మూడొంతుల పరమాణువులు పైనే ఉంటాయి. ఎవరూ నిప్పు రాజేయక్కర్లేదు, పక్కన నక్షత్రం ఉండక్కర్లేదు. చల్లటి చీకటి గ్యాస్ కూడా మాట్లాడుతూనే ఉంటుంది.

కానీ ఒక్కో పరమాణువుకి చచ్చేంత బద్ధకం. దాని మానాన దాన్ని వదిలేస్తే ఒకసారి తిరగబడడానికి సగటున సుమారు కోటి పది లక్షల సంవత్సరాలు పడుతుంది. మరి మనకెలా వినిపిస్తుంది? చిన్న లెక్క వేద్దాం. ఘన సెంటీమీటరుకి ఒక్క పరమాణువే ఉన్నా, వెయ్యి కాంతి సంవత్సరాల పొడవు, ఒక చదరపు సెంటీమీటరు అడ్డకోత ఉన్న గొట్టంలో 1 పక్కన 21 సున్నాలన్ని పరమాణువులు ఉంటాయి. అందులో సెకనుకి సుమారు 20 లక్షలు తిరగబడతాయి. అవి నలుదిక్కులకీ పోతాయన్నది నిజమే. అయినా ఆకాశంలో అలాంటి గొట్టాలు ఎన్ని పక్కపక్కన ఉన్నాయో ఊహించుకోండి. ఒక్కడు కోటి ఏళ్ళకోసారి దగ్గినా, జాతర నిండా జనం ఉంటే చప్పుడు ఆగదు.

కిటికీలోంచి బయటికి పెట్టిన హారన్

ఈ తరంగం ఉండి తీరాలని 1944లో చెప్పినవాడు హెంక్ వాన్ డె హుల్స్ట్. అప్పుడతను నెదర్లాండ్స్‌లో విద్యార్థి, వయసు పాతికేళ్ళు. దేశం జర్మన్ల ఆక్రమణలో ఉంది. రేడియోలో ఆకాశాన్ని చూడాలంటే ఒక నిర్దిష్టమైన గీత కావాలి, అలాంటిదేమైనా ఉందేమో చూడమని లైడెన్‌లో యాన్ ఓర్ట్ అడిగితే, లెక్క కట్టి 21 సెంటీమీటర్లు అన్నాడు. యుద్ధం అయ్యాక జర్మన్లు వదిలేసి పోయిన వ్యుర్జ్‌బర్గ్ రాడార్ డిష్‌నే డచ్చివాళ్ళు ఆకాశం వైపు తిప్పి వెతకడం మొదలుపెట్టారు. మధ్యలో రిసీవర్ అగ్నిప్రమాదంలో కాలిపోయి వెనకబడ్డారు.

ఈలోగా హార్వర్డ్‌లో హెరాల్డ్ యూవెన్ అనే పరిశోధక విద్యార్థి, గురువు ఎడ్వర్డ్ పర్సెల్‌తో కలిసి, 500 డాలర్ల గ్రాంటుతో ప్లైవుడ్డుకి రాగి రేకు తొడిగి ఒక హారన్ చేశాడు. హారన్ అంటే మోగే హారన్ కాదు, గరాటు ఆకారంలో ఉండే యాంటెన్నా. దాన్ని ల్యాబ్ కిటికీలోంచి ఆకాశం వైపు పెట్టాడు. వాన పడితే నీళ్ళన్నీ ఆ గరాటులోంచి ల్యాబ్‌లోకే. చలికాలంలో కింద పోయే కుర్రాళ్ళకి అందులోకి మంచు ముద్దలు విసరడం ఓ ఆట. 1951 మార్చి 25న గీత దొరికింది. తొందరపడి ప్రకటించకుండా డచ్చివాళ్ళకీ, ఆస్ట్రేలియావాళ్ళకీ చెప్పారు. వాళ్ళూ విని సరే అన్నాక, ఆ సెప్టెంబరులో నేచర్ పత్రికలో అన్నీ కలిసి వచ్చాయి. పోటీదారుల చేత సరిచూపించుకుని అచ్చు వేయడం నాకు ఈ కథలో బాగా నచ్చిన సంగతి.

15 కిలోల నూనె డబ్బా ఎందుకు పనికిరాదు

ఇక మన హారన్ సంగతి. గరాటు మొదట్లో ఒక లోహపు డబ్బా కావాలి. అదే వేవ్‌గైడ్. అందరికీ ముందు గుర్తొచ్చేది హోటళ్ళ దగ్గర దొరికే 15 కిలోల నూనె డబ్బా. అది పనికిరాదు. ఎలక్ట్రోమాగ్నెటిక్స్ పేపర్లో బట్టీ పట్టిన కటాఫ్ సూత్రానికి ఇక్కడ అసలు అర్థం తెలుస్తుంది. డబ్బా వెడల్పు సగం తరంగం కన్నా, అంటే 10.5 సెంటీమీటర్ల కన్నా, ఎక్కువ ఉండాలి. లేకపోతే తరంగం లోపలికే రాదు. పూర్తి తరంగం, అంటే 21 సెంటీమీటర్లు దాటకూడదు. దాటితే రెండో మోడ్ కూడా దూరి గందరగోళం చేస్తుంది. నూనె డబ్బా వెడల్పు దాదాపు 23. పెయింట్ షాపులో దొరికే దీర్ఘచతురస్రాకారపు థిన్నర్ డబ్బాలు కొన్ని 16, 17 సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి. టేపు పట్టుకెళ్ళి కొలిచి తెచ్చుకోవాలి.

డబ్బా లోపల 5.3 సెంటీమీటర్ల రాగి తీగ, అంటే పావు తరంగం. దాన్ని వెనక గోడకి దాదాపు 7 సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టాలి. పావు తరంగానికి 5.3 అయితే ఇక్కడ 7 ఎందుకంటే, వేవ్‌గైడ్ లోపల తరంగం సాగుతుంది. డబ్బా మూతి నుంచి ఫ్రిజ్ అట్టపెట్టె ముక్కలకి అల్యూమినియం ఫాయిల్ అంటించి 75, 60 సెంటీమీటర్ల నోరు వచ్చేలా గరాటు కట్టాం. ఈ కొలతతో హారన్ ఆకాశంలో సుమారు 17 డిగ్రీల మేర ఒకేసారి చూస్తుంది. చెయ్యి చాచి బొటనవేలూ చిటికెనవేలూ విడదీసి జానెడు పట్టి చూడండి, ఇంచుమించు అంత. చాలా మొద్దు చూపు. కానీ పాలపుంత కూడా చిన్నదేం కాదు.

తీగ నుంచి వచ్చిన సంకేతం ముందుగా ఎల్ఎన్ఏకి, అంటే తక్కువ చప్పుడు చేసే ఆంప్లిఫయర్‌కి వెళ్ళాలి. అది హారన్‌కి అంటిపెట్టుకుని ఉండాలి. మధ్యలో రెండు మీటర్ల కేబుల్ వచ్చిందా, ఆ కేబుల్ నష్టమంతా నేరుగా చప్పుడుగా మారుతుంది. ఫ్రీస్ ఫార్ములాలో మొదటి స్టేజీకే ఎందుకంత పెద్దపీట అని అడిగేవాళ్ళకి సమాధానం ఇదే. 1420 చుట్టూ మాత్రమే వదిలే ఫిల్టర్ కూడా తప్పనిసరి. లేకపోతే 900, 1800 దగ్గర మొబైల్ టవర్లు ఆంప్లిఫయర్‌ని ముంచేస్తాయి. ఆ తర్వాత పెన్‌డ్రైవ్ అంత ఆర్టీఎల్-ఎస్డీఆర్ డాంగిల్, దాని వెనక ల్యాప్‌టాప్. మొత్తం ఖర్చు కొన్ని వేలు. నలుగురు పంచుకుంటే భరించొచ్చు.

చప్పుడులోంచి మాట

డాంగిల్ సెకనుకి 24 లక్షల శాంపిల్స్ తీస్తుంది. వాటిని 1024 చొప్పున ఎఫ్ఎఫ్టీ చేస్తే 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పు 1024 గదులవుతుంది, గదికి సుమారు 2.34 కిలోహెర్ట్జ్. మొత్తం చప్పుడు, అంటే ఆంప్లిఫయర్ సొంత సణుగుడూ పక్కనుంచి దూరే నేల వేడీ కలిపి, మా లెక్కలో సుమారు 150 కెల్విన్ వచ్చింది. ఒక్క ఎఫ్ఎఫ్టీ చూస్తే ప్రతి గదిలో ఊగిసలాట కూడా అంతే, 150 కెల్విన్. పాలపుంత వైపు మనకి కావలసిన సంకేతం కొన్ని పదుల కెల్విన్‌లు. ఏమీ కనిపించదు.

ఇప్పుడు ఒక నిమిషం ఆగండి. నిమిషంలో 1,40,000 పైగా ఎఫ్ఎఫ్టీలు అవుతాయి. వాటి సగటు తీస్తే ఊగిసలాట ఆ సంఖ్య వర్గమూలం మేరకు, అంటే సుమారు 375 రెట్లు తగ్గుతుంది. 150 కాస్తా 0.4 కెల్విన్ అవుతుంది. ఇందాకటి దాకా గడ్డిలా ఉన్న స్క్రీను మీద చిన్న గుట్ట లేస్తుంది. చప్పుడుకి జ్ఞాపకం లేదు, ప్రతిసారీ కొత్తగా ఊగుతుంది. హైడ్రోజన్ మాత్రం ప్రతిసారీ అక్కడే ఉంటుంది. రేడియో ఖగోళశాస్త్రంలో సగం ఓపికే.

ఇంకో మెలిక ఉంది. ఫిల్టరూ డాంగిలూ అన్ని ఫ్రీక్వెన్సీలనీ సమానంగా వదలవు. వాటి వంపులు కూడా గుట్టల్లాగే కనిపిస్తాయి. అందుకని పాలపుంతకి దూరంగా, హైడ్రోజన్ పల్చగా ఉన్న దిక్కు ఒకసారి కొలిచి, దానితో భాగించాలి. హారన్‌ని నేల వైపు తిప్పితే సుమారు 300 కెల్విన్ వేడి కనిపిస్తుంది. దాంతో స్క్రీను మీద ఎత్తులు కెల్విన్‌లలోకి మార్చుకోవచ్చు. గుట్ట నిజంగా ఆకాశానిదేనా అన్న అనుమానానికి మందు కూడా ఇదే. నేల వైపు తిప్పితే గుట్ట పోవాలి. పోయింది.

టెలిస్కోపు తిప్పక్కర్లేదు

మ్యాపు వేయాలంటే ఆకాశమంతా చూడాలి. మోటార్లు అక్కర్లేదు, భూమే తిప్పుతుంది. హారన్‌ని దక్షిణం వైపు ఒక ఎత్తులో కట్టేసి వదిలేస్తే, గంటకి 15 డిగ్రీల చొప్పున ఆకాశం దాని ముందునుంచి జరిగిపోతుంది. 24 గంటలయ్యేసరికి ఒక పట్టీ పూర్తి. మర్నాడు ఎత్తు ఓ చూపంత మార్చి మళ్ళీ వదిలేయాలి. మన అక్షాంశాల నుంచి కనిపించే ఆకాశమంతా ఎనిమిది తొమ్మిది రోజుల్లో అయిపోతుంది. పగలూ పని చేస్తుంది. సూర్యుడు ఎదురొస్తే గ్రాఫు మొత్తం పైకి లేస్తుందే కానీ గీతలా కనిపించడు. మబ్బులూ అడ్డు కావు, ఈ తరంగం వాటిలోంచి దూసుకొస్తుంది. వానకి భయపడాల్సింది అట్టపెట్టె ఒక్కటే, దానికో టార్పాలిన్ చాలు.

ఇలా వచ్చిన నిమిషం నిమిషం సగటులని ఆకాశపు గళ్ళ మీద రంగులుగా పోస్తే, పాలపుంత ఒక వంకర పట్టీలా బయటపడుతుంది. ఇదే పని జర్మనీలోని ఎఫెల్స్‌బర్గ్ 100 మీటర్ల డిష్, ఆస్ట్రేలియాలోని పార్క్స్ 64 మీటర్ల డిష్ కలిసి చేశాయి. ఆకాశమంతటి హైడ్రోజన్ మ్యాపు 2016లో వచ్చింది. దాని చూపు పావు డిగ్రీ కన్నా కాస్త ఎక్కువ, మాది 17 డిగ్రీలు. తేడా పరువు తక్కువేం కాదు, పద్ధతి ఒకటే.

శ్రవణం దగ్గర విన్నది

ఇంతవరకూ వచ్చింది ఆకాశం మీద పరిచిన బొమ్మ. ప్లాను కావాలంటే లోతు కావాలి. ఆ లోతు డాప్లర్ ఇస్తుంది. గ్యాస్ మననుంచి దూరంగా పోతుంటే గీత కింది ఫ్రీక్వెన్సీకి, దగ్గరికొస్తుంటే పైకి జరుగుతుంది. 1 మెగాహెర్ట్జ్ జరిగితే సెకనుకి సుమారు 211 కిలోమీటర్ల వేగం. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే 30 కిలోమీటర్ల వేగమే 142 కిలోహెర్ట్జ్ జరుపుతుంది కాబట్టి, ఏ రోజు ఏ దిక్కు చూశామో లెక్కగట్టి ముందు అది తీసేయాలి.

కాసియోపియా వైపు చూస్తే ఒక గుట్ట కాదు, రెండు కనిపిస్తాయి. ఒకటి సున్నా వేగం దగ్గర, రెండోది సెకనుకి సుమారు 50 కిలోమీటర్లతో మనవైపు వస్తూ. మొదటిది మన చుట్టుపక్కల గ్యాస్, రెండోది దాని వెనకున్న పెర్సియస్ చేయి. ఒకే దిక్కులో రెండు చేతులు, ఒకదాని వెనక ఒకటి, కానీ వేర్వేరు ఫ్రీక్వెన్సీల మీద. ఫోటోలో ఇది ఎప్పటికీ కనిపించదు. ఓర్ట్, కెర్, వెస్టర్‌హౌట్ 1958లో ప్రచురించిన పాలపుంత ప్లాను ఇలాంటి గుట్టలని విడదీసే వేశారు.

ఇక వేసవిలోనూ వానాకాలంలోనూ రాత్రిపూట కనిపించే శ్రవణా నక్షత్రం, దాని పక్కనుంచి మూలా నక్షత్రం వైపు దిగే పాలపుంత దారి. గెలాక్సీ కేంద్రం మూల దగ్గర్లోనే ఉంది. ఈ దారిలో అసలు కొలత తీయొచ్చు. పాలపుంతని రంగులరాట్నం అనుకోండి. మనమూ దాని మీదే కూర్చుని తిరుగుతున్నాం. కేంద్రానికి కాస్త పక్కగా చూస్తే మన చూపు గీత లోపలి వలయాలన్నిటినీ కోసుకుంటూ పోయి, ఒక్క వలయాన్ని మాత్రం అంచున తాకుతుంది. ఆ తాకిన చోట గ్యాస్ సరిగ్గా మన చూపు వెంటే పరిగెత్తుతుంది. అందుకే ఆ దిక్కులో అందరికన్నా ఎక్కువ వేగం దానిదే. గుట్ట చివరి అంచు కొలిస్తే చాలు.

కేంద్రం నుంచి 30 డిగ్రీల దూరంలో ఆ అంచు సెకనుకి సుమారు 110 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. దానికి మన సొంత వేగంలో ఆ దిక్కు వాటా కలపాలి. సూర్యుడి చోట వేగం 220 అనుకుంటే అందులో సగం, 110. మొత్తం 220. కేంద్రం నుంచి 13 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గ్యాస్ వేగం అది. 50 డిగ్రీల దగ్గర అంచు సుమారు 60, మన వాటా 168, మొత్తం 228. దూరం 20 వేల కాంతి సంవత్సరాలు. మేము 30 నుంచి 70 డిగ్రీల దాకా కొలిస్తే అన్నీ 210, 240 మధ్యే పడ్డాయి. మా మొద్దు చూపు వల్ల అటూ ఇటూ 20 కిలోమీటర్ల తేడా ఉండొచ్చు. 20 డిగ్రీల లోపలికి వెళ్ళలేదు. అక్కడ కేంద్రంలోని అడ్డపట్టీ వల్ల గ్యాస్ గుండ్రంగా తిరగదు, ఈ లెక్క చెల్లదు.

గ్రాఫు చదునుగా ఉంది. అదే అసలు సంగతి. సౌరకుటుంబంలో బుధుడు సెకనుకి 47 కిలోమీటర్లు పరిగెడితే దూరాన నెప్ట్యూన్ 5 కిలోమీటర్లతో నడుస్తుంది, ఎందుకంటే బరువంతా మధ్యలో సూర్యుడి దగ్గరే ఉంది. పాలపుంతలో వేగం అలా తగ్గడం లేదంటే బరువు ఒక్కచోట లేదు, దూరం పోయేకొద్దీ లోపల పడే బరువు పెరుగుతూ ఉంది. సూర్యుడి కక్ష్య లోపల ఎంతుందో వేగం వర్గాన్ని దూరంతో గుణించి, గురుత్వ స్థిరాంకంతో భాగించి చూస్తే, సుమారు 9 వేల కోట్ల సూర్యుల బరువు తేలుతుంది. ఫాయిల్ అంటించిన అట్టపెట్టె చెప్పిన బరువు అది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మా హారన్ డార్క్ మేటర్‌ని నిరూపించలేదు. మేము కొలిచింది సూర్యుడి కక్ష్య లోపలి భాగం. అక్కడి వేగాలకి నక్షత్రాలూ గ్యాసే చాలావరకు సమాధానం చెప్పగలవు. చిక్కు బయట వస్తుంది. గెలాక్సీల్లో నక్షత్రాలు ఆగిపోయాక కూడా హైడ్రోజన్ చాలా దూరం పరుచుకుని ఉంటుంది. 1978లో ఆల్బర్ట్ బోస్మా, నెదర్లాండ్స్‌లోని వెస్టర్‌బోర్క్ టెలిస్కోపుతో చాలా గెలాక్సీల హైడ్రోజన్ మ్యాపులు వేసి చూస్తే, వెలుగు అయిపోయిన చోట కూడా వేగం తగ్గలేదు. కనిపించే వస్తువు లేదు, లాగే బరువు మాత్రం ఉంది. వేరా రూబిన్ కంటికి కనిపించే కాంతితో చెప్పిన మాటనే హైడ్రోజన్ ఇంకా దూరం తీసుకెళ్ళి చెప్పింది.

ఖోడద్‌లో ఓపిక, మన జేబులో ఫోను

ఈ పని మన దేశంలో పెద్ద ఎత్తున జరిగే చోటు పుణె జిల్లా ఖోడద్ దగ్గరి జీఎంఆర్‌టీ. గోవింద్ స్వరూప్ నాయకత్వంలో కట్టిన 30 డిష్‌లు, ఒక్కోటి 45 మీటర్లు. డిష్‌లన్నీ రేకు కాదు, తీగల వల. తరంగం పొడవు ముందు వల కన్నాలు చిన్నవి కాబట్టి అదే చాలు. దూరపు గెలాక్సీల నుంచి వచ్చే 21 సెంటీమీటర్ల తరంగం, విశ్వం వ్యాకోచం వల్ల దారిలో సాగిపోతుంది. 800 కోట్ల ఏళ్ళ కిందట బయల్దేరినది మన దగ్గరికి వచ్చేసరికి 42 సెంటీమీటర్లు, అంటే 710 మెగాహెర్ట్జ్. అంత దూరంలో ఒక్కో గెలాక్సీ గీత వినిపించదు. 2020లో పుణె శాస్త్రవేత్తలు 7,653 గెలాక్సీల సంకేతాలని ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీశారు. మేము నిమిషంలో చేసిన సగటే, ఈసారి గెలాక్సీల మీద. గీత లేచింది. ఆ కాలపు గెలాక్సీలు నక్షత్రాలని తయారు చేసే వేగానికి, వాటి దగ్గరున్న హైడ్రోజన్ నూటో రెండు వందలో కోట్ల ఏళ్ళకి మించి రాదని తేలింది. ఆ తర్వాత విశ్వంలో నక్షత్రాల పుట్టుక ఎందుకు మందగించిందో దానితో అర్థమైంది. సరుకు అయిపోయింది.

ఇప్పుడు మన బ్రాంచీ వాళ్ళకి సంబంధించిన సంగతి. 1400 నుంచి 1427 మెగాహెర్ట్జ్ వరకు ఎవరూ ప్రసారం చేయకూడదని అంతర్జాతీయ నియమం ఉంది. మా అట్టపెట్టె పని చేసిందంటే ఆ నిశ్శబ్దం పుణ్యమే. కానీ సాగిపోయిన పాత హైడ్రోజన్‌కి అలాంటి రక్షణ లేదు. ఆ 710 మెగాహెర్ట్జ్ చూడండి, మన దేశంలో ఫోన్లు టవరుకి మాట్లాడే 703–748 బ్యాండులో సరిగ్గా పడుతుంది. ఫోన్లు వద్దని ఎవరూ అనరు. రేపు ఆ ఫిల్టర్లనీ ఆంప్లిఫయర్లనీ స్పెక్ట్రమ్ ప్లాన్లనీ తయారు చేసేది మాత్రం ఈ క్లాసుల్లో కూర్చున్న మనమే. పక్క బ్యాండులోకి ఎంత కారిందన్నది డేటాషీటులో ఒక అంకె అనిపిస్తుంది. 800 కోట్ల ఏళ్ళు నడిచొచ్చిన తరంగం మునిగిపోయేది ఆ అంకెలోనే.

తయారు చేద్దామనుకునేవాళ్ళు మొదట హంస రాశి వైపు, అంటే సిగ్నస్ వైపు పెట్టండి. గుట్ట అక్కడ బలంగా ఉంటుంది, పగలైనా దొరుకుతుంది. వెలితి దిక్కు ఒకటీ నేల ఒకటీ కొలిచి ఉంచుకోండి. మేడ ఎక్కేముందు మాత్రం ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి.